ముగ్గురాయి కుప్పలోంచి నమూనా తీసి ఎస్‌జీ తేల్చడం ఎలా?

మంగంపేట గనిలో దొరికే ముగ్గురాయిని మొదటిసారి పట్టుకున్నవాళ్ల చెయ్యి కాస్త కిందికి జారుతుంది. "అబ్బో, ఇంత బరువా!" అంటారు. చూస్తే మామూలు బూడిదరంగు గడ్డే, కానీ అదే సైజు సున్నపురాయి కంటే ఒకటిన్నర రెట్లు బరువు తూగుతుంది. ఈ రాయికి ధర పలికేది ఆ బరువు వల్లే. చమురు బావులు తవ్వేటప్పుడు భూమి లోపలి ఒత్తిడి ఎగదన్నకుండా బావిలో బురదలాంటి ద్రవం నింపుతారు. ఆ బురదకు బరువు రావాలంటే ముగ్గురాయి పొడి కలపాలి. అందుకే ఇక్కడ రాయి కొనేవాడైనా అమ్మేవాడైనా ముందు అడిగే మాట ఒకటే: "ఎస్‌జీ ఎంత?"

ఎస్‌జీ అంటే స్పెసిఫిక్ గ్రావిటీ. నీటితో పోలిస్తే రాయి ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. ఏ మలినమూ లేకపోతే దాని ఎస్‌జీ 4.5 దాకా ఉంటుంది. గనిలోంచి వచ్చిన రాయిలో చెకుముకి, సున్నపురాయి, మట్టి కలిసి ఉంటాయి కాబట్టి అంకె తగ్గుతుంది. 4.20, ఆ పైన ఉంటే ఏ గ్రేడు. 4.10 నుంచి 4.20 లోపు ఉంటే బీ గ్రేడు. ఆ కిందివన్నీ సీ, డీ, వేస్ట్ అని ఒకే గాటన కట్టేస్తారు. 4.20కీ 4.19కీ మధ్య కంటికి ఏ తేడా కనపడదు, బిల్లులో మాత్రం బాగా కనపడుతుంది.

ఓబులవారిపల్లె, కోడూరు పక్క పొడి మిల్లుల్లో ల్యాబ్ పనికి కొత్తగా చేరినవాళ్లను, రాయి కొని అమ్మే చిన్న వ్యాపారులను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అలాంటి మిల్లు ల్యాబులోనే నేనూ చాలా ఏళ్లు పనిచేశాను. అంకె తేడా వచ్చినప్పుడల్లా అందరూ ల్యాబ్ మీద పడతారు. నేను చూసినంతలో పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు కుప్ప దగ్గరే జరిగిపోయి ఉంటుంది. కాబట్టి కుప్ప దగ్గరే మొదలుపెడదాం.

కుప్ప చుట్టూ ఒకసారి తిరగండి

పార పట్టుకునే ముందు కుప్పను చూడండి. రాళ్లను పైనుంచి పోస్తే పెద్ద గడ్డలు దొర్లుకుంటూ అంచులకు చేరతాయి. సన్న పొడి నడిమధ్యలో, పోసిన చోటే నిలిచిపోతుంది. ముగ్గురాయి మెత్తన. మొహ్స్ గట్టిదనం కొలబద్ద మీద 3, 3.5 మధ్య ఉంటుంది. చెకుముకి 7. బ్లాస్టింగులో, లోడింగులో మెత్తటి రాయి త్వరగా పొడవుతుంది, గట్టిది గడ్డగానే మిగులుతుంది. అంటే అంచున ఏరిన గడ్డ, మధ్యలో తీసిన పొడి ఒకే కుప్పవి అయినా ఒకే ఎస్‌జీ చూపించవు. వాన పడితే పైన ఉన్న సన్నపొడి కిందికి దిగిపోతుంది, అది ఇంకో తలనొప్పి.

మా దగ్గర నమూనాలు తీసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. చదువు పెద్దగా లేదు, చేతి అంచనా మాత్రం గట్టిది. నేను చేరిన కొత్తలో టిప్పర్ ఎక్కి, పైన కనిపించిన నాలుగు మంచి గడ్డలు ఏరుకుని దిగుతుంటే నవ్వాడు. "పైనుండేది పెళ్లిచూపుల రాయి నాయనా. అడుగున ఏముందో చూడు" అన్నాడు. ఆ నాలుగు గడ్డలు 4.26 చూపించాయి. రాయి దించుకున్నాక లోడు మొత్తం మీద మళ్లీ నమూనా తీస్తే 4.13. లోడు పంపినవాళ్లు మోసం చేశారని అనను. ఏరుకున్నది నేను.

గడ్డల్ని చూసేటప్పుడు రెండు మూడు గుర్తులు పట్టుకోండి. బఠాణీ గింజల్లాంటి గుండ్రటి కణికలు అతుక్కుని ఉన్న గడ్డలు కనిపిస్తాయి. లాపిలి అంటారు వాటిని, మంగంపేట రాయికి అవి ఆనవాలు. ఇత్తడి రంగులో మెరిసే చుక్కలు కనిపిస్తే అది పైరైట్, ఇనుము గంధకం కలిసిన ఖనిజం. దాని ఎస్‌జీ సుమారు 5. కాబట్టి పైరైట్ ఉన్న రాయి ఎస్‌జీలో బాగా పాసవుతుంది, కానీ అందులో ముగ్గురాయి తక్కువే ఉండొచ్చు. రాయి బేరియం రసాయనాలు చేసే ఫ్యాక్టరీకి పోయేదైతే ఎస్‌జీ ఒక్కటే చూసి ఒప్పుకోకండి. వాళ్లకు కావలసింది బేరియం సల్ఫేట్ శాతం, సిలికా శాతం. తెల్లటి నరాలు కనిపిస్తే రెండు చుక్కలు పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేయండి. బుసబుస పొంగితే సున్నపురాయి జాతి. ముగ్గురాయి యాసిడ్‌కు చలించదు.

నమూనా తీయడం

ఆగి ఉన్న కుప్ప కంటే కదిలే రాయిలోంచి తీసిన నమూనా ఎప్పుడూ మేలు. కన్వేయర్ ఉంటే బెల్టు చివర రాయి పడేచోట, ధారను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా కోస్తున్నట్టు పాత్ర పెట్టి తీయాలి. టిప్పర్ అన్‌లోడ్ అవుతుంటే మొదట పడేదాంట్లో కొంత, మధ్యలో కొంత, చివర్లో కొంత తీయండి. బండి కదలకుండా నిలబడ్డాక, డ్రైవరుకు చెప్పాక మాత్రమే దగ్గరికి వెళ్లండి.

కుప్పే దిక్కయితే దాని మీద మనసులోనే గళ్లు గీసుకోండి. ప్రతి గడిలో పైపొర ఒక జానెడు తోసేసి లోపలినుంచి ఒక పార తీయండి. అడుగున, నడుమున, పైన, మూడు ఎత్తుల్లోనూ తీయాలి. ఒక్కో పారను ఇంక్రిమెంట్ అంటారు. ఒక చోట పెద్ద తట్టెడు తీయడం కంటే ఇరవై చోట్ల చిన్న పారలు తీయడం వెయ్యి రెట్లు నయం. పార వెడల్పు, ఆ కుప్పలో ఉన్న అతి పెద్ద గడ్డకు కనీసం మూడింతలు ఉండాలి. లేకపోతే పెద్ద గడ్డలు పారలోంచి జారిపోతాయి, మీకు తెలియకుండానే నమూనా సన్నరాయి వైపు మొగ్గుతుంది. పార ఎక్కడ దిగితే అక్కడిదే తీయాలి. బాగాలేని గడ్డ వచ్చిందని పక్కన పారేయడం, మంచి గడ్డ కనిపించిందని చేత్తో వేయడం, రెండూ వద్దు.

ఇలా యాభై, వంద కేజీలు పోగవుతుంది. ల్యాబులో కావలసింది 80 గ్రాములు. వంద కేజీలనుంచి 80 గ్రాములకు దిగే దారిలోనే చాలామంది జారిపడతారు.

ఇక్కడ ఒక్క నియమం గుర్తుంచుకోండి: ముందు సైజు తగ్గించాలి, ఆ తర్వాతే బరువు తగ్గించాలి. అరచేయంత గడ్డలున్న వంద కేజీలను నేరుగా పది కేజీలు చేస్తే, ఆ పది కేజీల్లో ఒక చెకుముకి గడ్డ పడటం, పడకపోవడం మీదే ఫలితం ఆధారపడుతుంది. లాటరీతో సమానం. అందుకని మొత్తం వంద కేజీలనూ జా క్రషర్లో, అంటే రెండు ఇనప దవడల మధ్య రాయిని నలిపే యంత్రంలో వేసి చింతగింజంత చేయండి, అంటే సుమారు పది మిల్లీమీటర్లు. క్రషర్ లేకపోతే ఇనప పలక మీద సమ్మెటతో కొట్టాలి. క్రషర్ వాడితే, ముందు నలిపిన వేరే లోడు తాలూకు పొడి దాని దవడల్లో ఉండిపోతుంది కాబట్టి, మీ లోడు రాయే కొంచెం వేసి తిప్పి పారేసి, ఆ తర్వాత అసలు నమూనా వేయండి.

ఇప్పుడు నాలుగు పాళ్లు చేయాలి. శుభ్రమైన ఇనప రేకు మీదో, చిరుగులు లేని టార్పాలిన్ మీదో ఆ రాయినంతా ఒకే బిందువు మీద పడేలా పార తర్వాత పార పోస్తూ శంకువులాగా కుప్ప చేయండి. మళ్లీ ఆ కుప్పను పక్కకు అలాగే ఇంకో కుప్పగా మార్చండి. ఇలా రెండు మూడుసార్లు మారిస్తే బాగా కలుస్తుంది. చివరి కుప్పను పైనుంచి నొక్కుతూ ఉతప్పంలాగా గుండ్రంగా, సమమైన మందంలో పరచండి. పలక చెక్కతో నడిమధ్యన ప్లస్ గుర్తులా కోయండి. ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు తీసేయండి, మిగిలిన రెండూ కలపండి. తీసేసిన పాళ్ల కింద రేకు మీద మిగిలిన సన్నపొడిని కూడా చీపురుతో ఊడ్చి వాటితోనే పంపాలి. ఉంచుకున్న పాళ్ల కింది పొడి ఉంచుకున్నవాటిదే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ముగ్గురాయి ఎక్కువగా ఉండేది ఆ సన్నపొడిలోనే. బద్ధకించి వదిలేస్తే మీ చేతులారా ఎస్‌జీ తగ్గించుకున్నట్టే.

నమూనాను సగానికి పంచే రిఫుల్ పెట్టె ఉంటే పని సులువు. లోపల ఒకటి విడిచి ఒకటి కుడికీ ఎడమకీ వాలే సందులుంటాయి, పైనుంచి పోస్తే రాయి రెండు సమభాగాలుగా విడిపోతుంది. పోసేటప్పుడు తట్టను సందులన్నిటి మీదా వెడల్పుగా వంచాలి. ఒక మూలన గుమ్మరిస్తే రిఫుల్ ఉన్నా లేనట్టే.

పది మిల్లీమీటర్ల దగ్గర పాతిక కేజీలకు తగ్గించండి. దాన్ని మూడు మిల్లీమీటర్లకు నలిపి మూడు కేజీలకు. ఆ మూడు కేజీలను పల్వరైజర్‌లో మెత్తగా పొడి చేసి, పావుకేజీ పొట్లాలు నాలుగు కట్టండి. పొడి చేసే ముందు తేమ చూసుకోవాలి. కొంచెం రాయి తూచి, 105 డిగ్రీల ఓవెన్లో బరువు ఇంక తగ్గనంతవరకూ ఆరబెట్టి మళ్లీ తూచండి. వెయ్యి గ్రాములు 970 అయితే తేమ మూడు శాతం. వేబ్రిడ్జి మీద తూగిన ప్రతి వంద టన్నుల్లో మూడు టన్నులు నీళ్లకు డబ్బు కడుతున్నారన్నమాట.

దుమ్ము గురించి ఒక మాట. ముగ్గురాయి దుమ్ము ఒక్కటే అయితే ఊపిరితిత్తులకు పెద్ద హాని చేయదంటారు. అందులో కలిసిన చెకుముకి దుమ్ము మాత్రం సిలికోసిస్ తెస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. తువ్వాలు కట్టుకుంటే చాలదు. సన్నని దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోండి.

బకెట్, దారం, కాటా: గని దగ్గరే చేసే అంచనా

ఫ్లాస్కు లేని చోట గడ్డ ఎస్‌జీ చూడాలంటే ఆర్కిమెడిస్ పద్ధతి చాలు. గడ్డను ముందు పొడిగా తూచండి. తర్వాత డిజిటల్ కాటా మీద సగం నీళ్లున్న బకెట్ పెట్టి అంకెను సున్నా చేయండి. గడ్డకు నైలాన్ దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ గోడకూ తగలకుండా పట్టుకోండి. ఇప్పుడు కాటా చూపించేది గడ్డ బరువు కాదు, గడ్డ పక్కకు తోసిన నీళ్ల బరువు. గాల్లో బరువును దానితో భాగిస్తే ఎస్‌జీ వస్తుంది.

గాల్లో 840 గ్రాములు, నీళ్లలో కాటా 200 చూపిస్తే 840ని 200తో భాగించండి, 4.20. కానీ కాటా ఒక్క గ్రాము ఎక్కువ చూపించి 201 అంటే 4.18 అయిపోతుంది. ఒక్క గ్రాముతో ఏ గ్రేడు కాస్తా బీ గ్రేడు! అందుకే చిన్న గడ్డతో ఈ పరీక్ష చేయకూడదు. నాలుగు కేజీల పైన ఉన్న గడ్డ తీసుకుంటే ఆ ఒక్క గ్రాము లెక్కలోకి రాదు. గడ్డను ముంచాక పగుళ్లలోంచి బుడగలు రావడం ఆగేదాకా ఉండి అప్పుడు అంకె రాసుకోండి.

ఇంకో చిన్న మెలిక ఉంది. ఎండాకాలం బకెట్లో నీళ్లు 32 డిగ్రీలుంటే, ఆ నీళ్లు మిల్లీలీటరుకు గ్రాము తూగవు, 0.995 తూగుతాయి. ఆ బకెట్లో వచ్చిన 4.20, సాంద్రతగా చూస్తే 4.18 మాత్రమే. కాబట్టి బకెట్ పరీక్షతో "ఇది 4.30, ఇది 3.90" అని విడదీయండి. 4.19, 4.20 పంచాయతీలు దీంతో తీర్చకండి.

అసలు పరీక్ష: లె శాటెలియే ఫ్లాస్కు

పొడి ఎస్‌జీ తేల్చడానికి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 13ఏ ప్రమాణం చెప్పే పద్ధతినే అంతటా పాటిస్తారు. డ్రిల్లింగ్ పొడికి అందులో కనీస సాంద్రత 4.20. తర్వాత 4.10 రకానికి కూడా చోటిచ్చారు. కావలసింది లె శాటెలియే ఫ్లాస్కు. అడుగున 250 మిల్లీలీటర్ల బుడ్డి, పైన సన్నటి పొడుగు మెడ. మెడ మీద కింద 0 నుంచి 1 వరకు, మధ్యలో ఒక చిన్న ఉబ్బు, దాని పైన 18 నుంచి 24 వరకు గీతలుంటాయి. సిమెంటు ల్యాబుల్లోనూ ఇదే వాడతారు.

ఇందులో నీళ్లు పోయరు, కిరోసిన్ పోస్తారు. నీళ్లలో సన్నపొడి ఉండలు కట్టి గాలి పట్టుకుంటుంది, కిరోసిన్ పొడిలోకి సులువుగా దిగుతుంది. గదిలో మంట, సిగరెట్ లేకుండా చూసుకోండి.

సున్నా గీతకు కొంచెం కిందివరకు కిరోసిన్ పోసి, ఫ్లాస్కును 32 డిగ్రీల నీటి తొట్టిలో నిలబెట్టండి. తొట్టి నీళ్లు ఫ్లాస్కు మీది 24 గీత కంటే పైకి ఉండాలి. కనీసం గంటసేపు కదపకండి. కిరోసిన్ మట్టం 0, 1 గీతల మధ్యకు సర్దుకున్నాక భూతద్దం పెట్టి, కన్ను మట్టానికి సమంగా ఉంచి, వంపు అడుగున చూసి అంకె రాసుకోండి. అది మొదటి అంకె.

ఫ్లాస్కు బయటికి తీసి, టిష్యూ కాగితం చుట్టిన పుల్లతో మెడ లోపలి గోడ తుడవండి. తడి ఉంటే పొడి మెడలోనే అతుక్కుపోతుంది. ఆరబెట్టిన పొడి 80.00 గ్రాములు తూచి, కొద్దికొద్దిగా మెడలోంచి జార్చండి. తొందరపడితే మెడ పూడుకుపోతుంది, అప్పుడు మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. పొడంతా దిగాక ఫ్లాస్కును కొంచెం వంచి, రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికే కవ్వంలాగా అటూ ఇటూ తిప్పండి. బుడగలు పైకి వస్తుంటాయి. ఇక రావు అనిపించేదాకా తిప్పాలి. మళ్లీ తొట్టిలో పెట్టి, కనీసం అరగంట అయ్యాక ఒకసారి తిప్పి, ఇంకో అరగంట ఆగి రెండో అంకె రాసుకోండి.

మొదటిది 0.40, రెండోది 19.45 అనుకోండి. తేడా 19.05. 80ని 19.05తో భాగిస్తే 4.20. లోపల చిన్న బుడగల గుంపు 0.10 మిల్లీలీటరు చోటు ఆక్రమించి ఉంటే తేడా 19.15 అవుతుంది, ఫలితం 4.18కి పడిపోతుంది. బుడగల మీద నా చాదస్తం అందుకే.

కుప్పను తిట్టి తిట్టి ఇప్పుడు ల్యాబ్ తప్పు కూడా చెప్పాలి కదా. ఒక మే నెలలో వరసగా నాలుగు లోడ్లకు పొద్దున 4.20, 4.21 వచ్చి, మధ్యాహ్నం అదే పొట్లాలు మళ్లీ చేస్తే 4.15 దగ్గర తేలుతున్నాయి. కాటా మార్చాం, ఫ్లాస్కు మార్చాం, నమూనా తీసిన కుర్రాణ్ని నిలబెట్టి అడిగాం. రెండు రోజుల టెన్షన్ తర్వాత ఎవరో థర్మామీటర్ తొట్టిలో ముంచి చూశారు. మా తొట్టికి వేడి చేసే కాయిల్ ఉంది కానీ చల్లబరిచేది ఏదీ లేదు. పొద్దున గది చల్లగా ఉంటే 32 దగ్గర నిలబడేది. మధ్యాహ్నం గది నలభై దాటితే కాయిల్ ఆగిపోయినా నీళ్లు మెల్లగా వేడెక్కుతూనే ఉన్నాయి. మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య ఒక డిగ్రీ పెరిగితే చాలు, బుడ్డిలోని కిరోసిన్ దాదాపు పావు మిల్లీలీటరు వ్యాకోచిస్తుంది. ఆ పావు మిల్లీలీటరు 4.20ని 4.15 చేసేస్తుంది. మంచి లోడ్లు రెండు అప్పటికే వెనక్కి పోయాయి. అప్పటినుంచి రెండు అంకెల పక్కనా తొట్టి ఉష్ణోగ్రత రాయనిదే రిజిస్టర్ మీద సంతకం పెట్టలేదు. రాయలసీమ ఎండలకు ఏసీ గదో, తొట్టిలో కొన్ని ఐసు ముక్కలో తప్పవు.

మెత్తదనం

పొడి ఎంత మెత్తగా ఉందో మెష్‌లలో చెబుతారు. మెష్ అంటే జల్లెడలో అంగుళానికి ఎన్ని కన్నాలని. 200 మెష్ అంటే 75 మైక్రాన్లు, 325 అంటే 45. అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది. రేమండ్ మిల్లు రోలర్లు రాయిని నలుపుతుంటే, పైన ఉండే ఎయిర్ క్లాసిఫైయర్ మెత్తటిదాన్ని గాలితో పైకి పంపి ముతకదాన్ని వెనక్కి తోస్తుంది. కళ్లంలో తూర్పారబట్టడమే ఇది, ఇనుముతో చేశారంతే.

పరీక్షకు 50 గ్రాముల పొడి, 350 మిల్లీలీటర్ల నీళ్లు, 0.2 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపి ఐదు నిమిషాలు మిక్సర్లో తిప్పి, 75 మైక్రాన్ల జల్లెడ మీద పోసి, ప్రమాణంలో చెప్పిన ఒత్తిడిలో నీళ్లతో రెండు నిమిషాలు కడగండి. జల్లెడ మీద మిగిలింది ఆరబెట్టి తూస్తే ఒకటిన్నర గ్రాములు దాటకూడదు, అంటే మూడు శాతం. పొడిగా జల్లించి ఈ అంకె చెప్పేవాళ్లున్నారు. నమ్మకండి, సన్నపొడి ముతక రేణువులకు అంటుకుని జల్లెడ మీదే ఉండిపోతుంది.

రెండు లోడ్లు కలిపేటప్పుడు లెక్క

ఒక టన్ను 4.40, ఒక టన్ను 4.00 కలిపితే ఎంత? 4.20 అని ఠక్కున చెబుతారు. కాదు, 4.19. టన్నులు సమానమే అయినా తక్కువ ఎస్‌జీ రాయి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి దాని పలుకుబడి ఎక్కువ. ప్రతి లోడు బరువునూ దాని ఎస్‌జీతో భాగించి ఘనపరిమాణాలు తెచ్చుకోండి, వాటిని కూడండి, మొత్తం బరువును ఆ మొత్తంతో భాగించండి. సరిగ్గా 4.20కి కలిపామనుకున్న బ్లెండు 4.19 దగ్గర ఎందుకు చస్తుందో చాలామందికి ఇక్కడే అర్థమవుతుంది.

తక్కువ గ్రేడు రాయిని గాలించడం

మా అమ్మ బియ్యం గాలించేది. గిన్నెలో నీళ్లు పోసి, ఒక వాలుకు ఊపుతూ బియ్యాన్ని ఇంకో గిన్నెలోకి పారిస్తే చివరికి రాళ్లు అడుగున మిగిలేవి. ఖనిజ శుద్ధిలో జిగ్ అనే యంత్రం చేసే పని అదే. మనకు ఇక్కడ కావలసింది అడుగున మిగిలిన రాళ్లు, అంతే తేడా. పైకి తేలిన పనికిరాని రాయిని గ్యాంగ్ అంటారు, అది బయటికి పోయాక టైలింగ్స్. దక్కిన మంచి రాయి కాన్సంట్రేట్.

ఇలా గాలించడం సాగుతుందో లేదో ముందే లెక్కగట్టొచ్చు. బరువైన ఖనిజం ఎస్‌జీలోంచి ఒకటి తీసేయండి, తేలికదాంట్లోంచి ఒకటి తీసేయండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ముగ్గురాయికి 3.5, చెకుముకికి 1.65, భాగిస్తే 2.1. రెండున్నర దాటితే చాలా సన్నపొడిలో కూడా విడదీయొచ్చు, ఒకటింబావు కంటే తగ్గితే ఆశ వదులుకోవాలి. 2.1 అంటే ముతకలో సులువు, మరీ మెత్తటి పొడిలో కష్టం.

ఇదే 2.1 ఇంకో సంగతి కూడా చెబుతుంది. ముగ్గురాయి పలుకుకు రెండింతలున్న చెకుముకి పలుకు నీళ్లలో దానితో సమానంగా దిగుతుంది. కాబట్టి ముందు జల్లించి, ఐదు నుంచి పది మిల్లీమీటర్లు ఒక రాశి, రెండున్నర నుంచి ఐదు ఇంకో రాశి, ఇలా విడివిడిగా గాలించాలి. అన్నీ కలిపి జిగ్‌లో పోసి, జిగ్ పనిచేయలేదని కంపెనీవాణ్ని పిలిస్తే లాభం లేదు.

యంత్రం కొనేముందు చేత్తో చేసి చూడండి. లోతైన జల్లెడలో నాలుగు వేళ్ల మందం రాయి పోసి, నీళ్ల డ్రమ్ములో ముంచి, చిన్నగా టకటకా పైకీ కిందికీ ఆడించండి. రెండు మూడు నిమిషాల్లో పొరలు కడతాయి. పై పొరను రేకుతో గీకి ఒక తట్టలో, అడుగు పొర ఇంకో తట్టలో వేయండి. రెండూ ఆరబెట్టి తూచి ఎస్‌జీ చూడండి. లెక్క కుదిరిందా అని సరిచూసుకునే దారి కూడా ఘనపరిమాణాలే. 3.80 ఎస్‌జీ ఉన్న వంద కేజీల రాయిలోంచి 4.20 ఉన్న అరవై కేజీలు వచ్చాయంటే, మిగిలిన నలభై కేజీల ఎస్‌జీ 3.33 దగ్గర ఉండి తీరాలి. మీ కొలతలో అది 3.6 చూపిస్తే మూడు అంకెల్లో ఒకటి అబద్ధం.

భూతద్దంలో చూసినప్పుడు ఒకే పలుకులో సగం ముగ్గురాయి, సగం చెకుముకి అతుక్కుని కనిపిస్తే ఎంత గాలించినా విడిపోవు. ఇంకా మెత్తగా నలిపి ఫ్లోటేషన్‌కు పోవాలి. కుంకుడుకాయ నురగ మురికిని పైకి ఎత్తినట్టు, ఒలీయిక్ యాసిడ్ లాంటి మందు ముగ్గురాయి రేణువులకు పట్టుకుని వాటిని గాలి బుడగలతో నురగలోకి ఎత్తుతుంది. దానికి పెట్టుబడి, నీళ్లు, టైలింగ్స్ చెరువు కావాలి. చిన్న మిల్లుకు అందే పని కాదు.

పొట్లాల సంగతి

నాలుగు పొట్లాలు కట్టమన్నాను కదా. ఒకటి మీ ల్యాబుకు, ఒకటి రాయి పంపినవాళ్లకు, ఒకటి ఇద్దరి సంతకాలతో సీలు వేసి గొడవొస్తే మూడో ల్యాబుకు పంపడానికి. నాలుగోది మీ అల్మారాలో, ఆ సరుకు డబ్బు చేతికొచ్చేదాకా. పొట్లం లోపలొక చీటీ, బయటొక చీటీ ఉండాలి, ఎందుకంటే బయటిది చెరిగిపోతుంది. చీటీ మీద టిప్పర్ నంబరు, తేదీ, ఎన్ని పారలు తీశారు, ఎవరు తీశారు అని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ సిరా కిరోసిన్ తగిలితే అలుక్కుపోతుంది.